కూడిక మారని గడి

బందరులో జరిగిన ఆ పది రోజుల కంప్యూటర్ శిక్షణకు మా బడి నుంచి నన్ను పంపడానికి కారణం ఒక్కటే. లెక్కలు నోటితో చేస్తానని నాకు పేరు. చిన్నప్పుడు కాటా దగ్గర ధాన్యం బస్తాల తూకాలు చదువుతుంటే మనసులో కూడుకుంటూ నాకు నేనే నేర్చుకున్న పని అది.

శిక్షణ చివర పరీక్ష ఉంటుంది. అందులో పాసైన ప్రతి టీచరు బడికీ ఐదు కంప్యూటర్లు ఇస్తారు, తప్పితే అవి వేరే బడికి పోతాయి. దివిసీమలో మా పిల్లలు అప్పటికి కంప్యూటర్‌ను టీవీలో తప్ప చూడలేదు. హెడ్మాస్టారు నన్ను బస్సెక్కిస్తూ, "గదికి సున్నం కూడా కొట్టించానండీ. ఉత్తచేతుల్తో రాకండి" అన్నారు.

మేం పన్నెండు మందిమి, కంప్యూటర్లు ఆరు. నేర్పేవాడికి పాతికేళ్లు కూడా ఉండవు. మొదటి గంటలోనే మాకు చెడింది.

"అబ్బాయ్, ఈ తెర ఎందుకు ఆరిపోయింది?" అన్నాను.

"ఇక్కడ నేను సార్‌ని మాస్టారూ, అబ్బాయ్ అనకండి."

"నీ వయసువాళ్లు నా దగ్గర చదువుకుని, ఇప్పటికీ నేను కనిపిస్తే సైకిల్ దిగుతారు."

"ఇక్కడ సైకిళ్లు లేవు కదండీ. మౌస్ కదపండి, తెర అదే వస్తుంది."

అందరూ నవ్వారు. ఆ తరవాత నేనతన్ని ఏ పేరుతోనూ పిలవలేదు. అతను నన్ను 'మూడో కంప్యూటర్' అనేవాడు. అదే కంప్యూటర్ దగ్గర నా పక్కన కూర్చున్న పెడన టీచరమ్మతోనూ నాకు పడలేదు.

"జరగండి మాస్టారూ. నాలుగు రోజుల్నుంచీ మౌస్ మీ అరచేతికే అంటుకుపోయింది."

"మీకిస్తే ఏం చేస్తారు?"

"మీరు చెయ్యనిది చేస్తాను. నేర్చుకుంటాను."

అయిదో రోజు నలభై రెండు మంది పిల్లల మార్కులిచ్చి, మొత్తాలు వెయ్యమన్నారు. సమానం గుర్తు పెట్టి, ఏ గడి నుంచి ఏ గడి దాకా కూడాలో కంప్యూటర్‌కు చెప్పాలట. నాకది దండగమారి పని అనిపించింది. ఒక్కో పిల్లవాడి ఆరు సబ్జెక్టుల మార్కులూ ఒక్క చూపులో చదివి, మొత్తం నేనే టైపు కొట్టేశాను. మిగతావాళ్లు సమానం గుర్తు వెతుక్కుంటుండగానే నాది అయిపోయింది.

"ఇంకేం, కంప్యూటర్‌కే ట్యూషన్ చెప్పేట్టున్నారు" అన్నాడు గుడివాడ సైన్సు మాస్టారు. పొగడ్తగానే తీసుకున్నాను.

పరీక్షలోనూ అదే పని ఇచ్చారు. అలాగే చేసి, అందరికంటే ముందు చేతులు కట్టుకు కూర్చున్నాను. నేర్పేవాడు వచ్చి నలభై రెండు మొత్తాలూ చూశాడు. ఒక్కటీ తప్పు లేదు. అప్పుడు వంగి, మొదటి పిల్లవాడి లెక్కల మార్కులు అరవై ఏడును డెబ్భై ఆరు చేశాడు. చివరి గడిలో నాలుగు వందల పన్నెండు అలాగే ఉండిపోయింది.

"ఏం మాస్టారూ, మీ కూడిక కదలడం లేదు?"

"మార్చింది నువ్వు. తొమ్మిది కలుపు. నాలుగు వందల ఇరవై ఒకటి."

"ఎవరో ఒకరు మార్కు దిద్దినప్పుడల్లా మీరొచ్చి కలుపుతారా? రిటైరయ్యాక కూడానా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది. "నాలుగింటి దాకా టైముంది, చేస్తే చెయ్యండి, లేకపోతే కంప్యూటర్లు ఇంకో బడికి రాసేస్తాను" అని వెళ్లిపోయాడు.

అన్నం మానేసి కూర్చున్నాను. టీచరమ్మ అడక్కుండానే సమానం గుర్తు ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది, నా మొహం మాత్రం చూడలేదు. నా మొత్తాలన్నీ చెరిపి, సమానం గుర్తు పెట్టి మళ్లీ చేశాను. అతను వచ్చి ఒక మార్కు మార్చాడు. మొత్తం మారింది. కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాడు. కంప్యూటర్లు మా బడికే.

థ్యాంక్స్ చెప్పలేదు. అతనూ ఎదురుచూడలేదు. అందరూ బస్టాండుకు వెళ్లిపోయాక కూడా నేనక్కడే కూర్చుని, ఒక్కో వరసా నోటితో కూడుతూ తెర మీది మొత్తంతో సరిచూశాను. ఒక్క తప్పయినా దొరికితే ఆ రాత్రి బందరులోనే ఉండి, పొద్దున్నే వచ్చి అతని ముందు పెట్టాలనుకున్నాను. నలభై రెండూ చూశాను. దొరకలేదు.