చలిమిడి గిన్నె మీద పడిన సీటు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. కాళ్ళు బారజాపుకోండి, ఫర్వాలేదు. నేను చెప్పబోయే బస్సులో ఆ భాగ్యం లేదు.

మా అమ్మాయికి ఐదో నెల. కన్నతల్లి చలిమిడి చేసి తీసుకెళ్ళి కూతురి ఒళ్ళో పెట్టాలి, కడుపు చల్లగా ఉండాలని. ఇంట్లో జ్వరాలతో జాప్యమై, నెలలో ఆఖరి రోజు మిగిలింది. దీపాలు పెట్టేలోపు పెట్టెయ్యాలి. హైదరాబాదులో ఉండే వియ్యపురాలు ఫోను చేసి, "మీకు వీలవకపోతే చెప్పండి వదినగారూ, ఇక్కడ షాపులో దొరుకుతుంది" అంది. షాపు చలిమిడి! ఆ మాట నా చెవిలో కందిరీగలా తిరిగింది.

పొద్దున్నే అమలాపురంలో హైదరాబాదు పగటి బస్సెక్కాను. తెలివైనవాళ్ళు రాత్రి బస్సుకి వెళతారు. పగటిది చవక. ఎందుకు చవకో ఎక్కాక తెలిసింది. ఏసీ నుంచి నా నెత్తిమీదికి నీళ్ళొచ్చాయి గాని చల్లగాలి రాలేదు. అది డ్రైవరు దగ్గరే ఆగిపోయింది. అమ్మాయికని తెచ్చిన కొబ్బరికాయల బస్తా కింద డిక్కీలో వేశారు, రొయ్యల పెట్టెల పక్కన. చలిమిడి కూడా అక్కడే పెడితే పిల్ల వాసనకే వాంతి చేసుకుంటుంది. గిన్నె ఒళ్ళోనే పెట్టుకున్నాను.

రావులపాలెం దాటాక బస్సు గోతిలో పడింది. ముందు సీటు ధబీమని గిన్నె మీద పడింది, అందులోని మనిషి తలకాయతో సహా. ఆయన రాజోలు మనిషి, గల్ఫు విమానానికి వెళ్తున్నాడు.

"బాబూ, మీ అమ్మగారి ఒళ్ళో కూడా ఇంత హాయిగా పడుకునుండరు. లేవండి."

"నేను కాదండీ, సీటే పడిపోయిందండి. పిన్నిగారూ, నెయ్యి వాసనొస్తోంది, ఏంటండి?"

"చలిమిడి. మా పిల్ల ఒళ్ళో పడకుండా ఎవరి నోట్లోనూ పడదు. అటు తిరగండి."

ఎటు తిరిగినా ఆ తల నా ఒళ్ళోనే ఉంది. హైదరాబాదు దాకా చలిమిడినీ ఆయన్నీ కలిపే మోశాను.

ఊరి మొదట్లో బస్సు కదలకుండా నిలబడిపోయింది. ముందూ వెనకా బళ్ళే. పొద్దు వాలుతోంది. మా అమ్మాయి ఇంటి సందు అక్కడే, నాలుగడుగులు. ఫోను చేస్తే తనే నడిచొచ్చి బస్సు తలుపు దగ్గర నిలబడింది.

"దిగవే అమ్మా!"

"అమ్మా, దిగితే దిగండి. డిక్కీ మాత్రం స్టాండులోనే తీస్తానండి" అన్నాడు డ్రైవరు.

"మా చెట్టు కాయలండీ! వదిలేసి దిగమంటారా?"

"కొబ్బరికాయలు ఇక్కడ కొట్లో దొరుకుతాయే" అంది అమ్మాయి.

"చలిమిడి కూడా దొరుకుతుందట. మీ అత్తగారు చెప్పేరు. నువ్వే ఎక్కు."

ఎక్కింది. రాజోలాయన లేచి సీటిచ్చాడు. అమ్మాయి కూర్చోగానే సీటు వెనక్కి వాలింది. "అబ్బ, నడుముకి ఎంత హాయిగా ఉందో!" అంది. పొద్దున్నించీ నేను తిట్టిన సీటు!

బొట్టు పెట్టి, సొట్టపడిన గిన్నె ఒళ్ళో పెట్టాను. కిటికీలో ఇంకా ఎండ ఉంది.

"వీడియో తియ్యమంటారా పిన్నిగారూ? మీ వియ్యపురాలికి చూపిద్దురుగాని."

"ఆయ్, తియ్యండి. ఎండ కూడా పడాలి."

మొదటి ముద్ద అమ్మాయికి, రెండోది ఆయనకి పెట్టాను. ఇంతలో స్టీరింగు దగ్గర నుంచి ఇంకో చెయ్యి చాచి ఉంది. పెట్టకేం చేస్తాను, నా కాయలు ఆయన దగ్గరే ఉన్నాయి.

ఇంతసేపూ విన్నారు. మీ ఇంటి ఆడపిల్లల కడుపులు చల్లగా ఉండాలి, మీ ఇల్లంతా చల్లగా ఉండాలి, మీరెక్కిన బస్సులో ముందు సీటు నిటారుగా ఉండాలి.