మా అమ్మాయి పెట్టుకున్న ఇంటిపేరు

అమెరికాలోని నోవైలో మా అమ్మాయి హైస్కూల్ ఆడిటోరియం, జాజ్ బ్యాండ్ కచేరీ. మూడో వరసలో కూర్చుని ప్రోగ్రాం కాగితం చూస్తుంటే, ఆమె పేరు పక్కన పరాయి ఇంటిపేరు కనిపించింది. పరాయిదే గాని తెలియనిది కాదు. జాజ్ వినేవాళ్లు ఆ పేరు వింటే శాక్సఫోన్ అంటారు. ఆ విద్వాంసుడి ఫొటో మా అమ్మాయి మంచానికి ఎదురుగా ఉంటుంది, దండ ఒక్కటే తక్కువ.

"బానే ఉందిగా, స్టైల్‌గా" అంది మా ఆవిడ.

నేనేమో ఏళ్ల తరబడి గ్రీన్‌కార్డు లైన్‌లో ఉన్నవాణ్ణి. లైసెన్సులో, కరెంటు బిల్లులో పేరు ఒకేలా ఉందా లేదా అని పదేపదే చూసుకునే మనిషిని. ఇదే పేరుతో కాలేజీకి అప్లై చేసేస్తే? అది పైకి చెప్పుకునే భయం. అసలు భయం, పదహారేళ్లకే పిల్ల మా చేయి జారిపోతోందని. ఆమె సోలో వాయించింది, అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఏం వాయించిందో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు.

కారెక్కగానే మొదలుపెట్టాను. "ఏంటమ్మా ఆ పేరు? ఎవరైనా చూస్తే?"

"రిలాక్స్ నాన్నా. ప్రోగ్రాంలో ఏ నేమ్ అయినా ఓకే. టీచర్‌ని అడిగా."

"అయితే మన ఇంటిపేరు తీసేస్తావా?"

"నాకు ఇంటిపేరు ఎక్కడుంది? నా లాస్ట్ నేమ్ నీ పేరే కదా. బ్యాండ్‌లో అందరూ నన్ను నీ పేరుతో పిలుస్తారు. వియర్డ్‌గా ఉంటుంది."

నిజమే. మొదటి పాస్‌పోర్టు ఫారంలో మనకు అలవాటైన వరసలోనే ముందు ఇంటిపేరు, తర్వాత నా పేరు రాశాను. ఇంటిపేరు రాయాల్సింది రెండో గడిలో అని చూసుకోలేదు. అలా నా పేరే నా ఇంటిపేరైంది. ఈ పిల్ల పుట్టినప్పుడు కాగితాలన్నీ కలవాలని దాన్నే తగిలించాను.

"అసలు ఇంటిపేరు ఏంటి?" అంది.

చెప్పాను. రెండుసార్లు తడబడి, మూడోసారి సరిగ్గానే పలికింది.

"బాగుంది. మరి నాకెందుకు పెట్టలేదు?"

"భయమేసింది."

"ఎవరంటే భయం?"

ఇల్లు చేరేదాకా ఆలోచించాను. ఒక్కరి ముఖమూ గుర్తుకు రాలేదు.