పడవ కారు, రెండు బర్రెలు

నా కొత్త కారుకు నోరు ఎక్కువ. బెల్టు పెట్టుకోకపోతే అరుస్తుంది, తలుపు సరిగా పడకపోతే అరుస్తుంది, వెనక్కి తీస్తుంటే మరీ గోల. మొన్న వేల్పూర్ చుట్టాలిచ్చిన పసుపు బస్తాను పక్క సీట్లో పెట్టానా, దానికీ బెల్టు పెట్టమని ఒకటే నస. తట్టుకోలేక బస్తాకు బెల్టు పెట్టాను. దారిలో కారు ఆపిన పోలీసాయన బస్తాను చూశాడు, నన్ను చూశాడు, ఇంకేమీ అడగకుండా పొమ్మన్నాడు.

ఇవన్నీ ఇప్పుడిప్పుడే వచ్చిన సౌకర్యాలు మేడమ్ అని షోరూంలో అమ్మాయి చెబుతుంటే నాకు నవ్వాగలేదు. మా ఇంట్లో ఇవన్నీ ఎప్పుడో ఉండేవి. కాకపోతే మనుషుల రూపంలో ఉండేవి.

మాది బోధన్ పక్కన పల్లె. చెరుకు, పసుపు పండించే ఇల్లు. బాపు అంటే మా నాన్న, అవ్వ అంటే మా అమ్మ. వేరే జిల్లాల వాళ్లు అవ్వ అనగానే ముసలామె అనుకుంటారు, ఆ మాట మా అవ్వ చెవిన పడితే నాకు అన్నం పుట్టదు కాబట్టి ముందే చెబుతున్నాను.

చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి వెళ్లిపోయిన ఒక ఇంజనీరు తన పాత అమెరికా కారును ఇక్కడే వదిలేస్తే, చెరుకు బాగా పండిన ఏడు బాపు దాన్ని కొనుక్కొచ్చాడు. ఊరంతా దాన్ని పడవ అన్నారు. ఆ దేశంలో పిల్లాజెల్లా ఉన్న సంసారాల కోసం చేసిన బండట. ముందు సోఫాలాగా ఒకటే పొడుగు సీటు, ముగ్గురు కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. గేరు స్టీరింగు పక్కనే పుట్టుకొచ్చి ఉండేది. తలుపుల మీద చెక్కలా కనిపించే కాగితం అంటించి ఉండేది, మా అన్న దాన్ని గోటితో గీకి సగం పీకేశాడు. అన్నిటికంటే వెనక, సామాన్లు పెట్టే చోట, మడత విప్పితే ఇంకో సీటు లేచేది. అందులో కూర్చుంటే మన ముఖం వెనక్కి ఉంటుంది. ఆ సీటు నాది. ఇంటిల్లిపాదీ ముందుకు చూస్తూ పోతుంటే, నేను మాత్రం దాటిపోయిన ఊళ్లను చూస్తూ, వెనక వచ్చే బస్సు డ్రైవర్లకు నాలుక చూపిస్తూ పోయేదాన్ని. ఒకసారి పోచంపాడ్ పోతుంటే ఒక డ్రైవరు బాల్కొండ దాకా నాకు నాలుక చూపిస్తూనే వచ్చాడు. పాపం, బస్సు నిండా జనం.

ఆ కారుకు స్టీరింగు ఎడమ పక్కన. ముందు లారీ ఉంటే బాపుకు ఎదురు రోడ్డు కనిపించదు. కుడి కిటికీ దగ్గర కూర్చున్న అవ్వ తల బయటపెట్టి, చెరుకు లారీల దుమ్ము మింగి, “పో” అనాలి. అప్పుడు బాపు పోతాడు. మధ్యలో అన్న. బ్రేకు పడిందంటే అవ్వ ఎడమ చేయి ఠక్కున అన్న ఛాతీకి అడ్డం పడేది. అదీ మా సీటు బెల్టు. ఇక ఇప్పుడు అందరూ రివర్స్ కెమెరా అంటున్నారే, అది నేను. బాపు నాకు రెండే మాటలు నేర్పాడు. చోటుంటే “రానీ”, లేకపోతే “ఆపు”. నేను ఆపు అంటే బాపు ఆపకుండా ఉన్న రోజు లేదు. పదేళ్ల పిల్లకు అంత గౌరవం ఇంకెక్కడ దొరుకుతుంది!

అవ్వకు మాత్రం ఆ కారంటే మంట. “నేను దీనికి క్లీనర్నా? పెట్రోలు తాగుడు తప్ప దీనికేం తెల్సు? అమ్మి రెండు బర్రెలు కొను. పాలన్న ఇస్తయ్” అని రోజూ పొద్దున మొదలుపెట్టేది. మాటలతో ఆగే మనిషి కాదు. బర్రెలు రాకముందే వాకిట్లో వాటి కుడితికి సిమెంటు గోలెం కట్టించింది. ఖాళీ గోలెం రోజూ కళ్లముందు ఉంటే బాపు ఎంతకాలమని ఆగుతాడు? ఒకరోజు సరేనన్నాడు.

నేను రెండు రోజులు ఏడ్చాను. “ఏడుస్తవెందుకే? బర్రె మీద ఎన్కకు తిరిగి కూసో” అన్నాడు మా అన్న. వాడికి దేవుడు మధ్య సీటు ఇచ్చింది అందుకే.

కొనేవాడు నిజామాబాద్ నుంచి వచ్చాడు. పెళ్లి బరాత్‌లకు, అంటే ఊరేగింపులకు, కిరాయికి తిప్పుతాడట. కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, నా సీటును చూసి మురిసిపోయాడు. “పెండ్లికొడుకుని గీడ కూసోవెడితే బరాత్ మొత్తం ఆయన మొకమే సూస్తది. క్యా బాత్ హై! అన్నా, ఒక్కసారి రివర్స్ తీసి సూపెట్టు” అన్నాడు.

బాపు కారెక్కాడు. నేను వెనక నా సీట్లో కూర్చున్నాను.

“రానీ” అన్నాను. కారు వచ్చింది. “రానీ, రానీ.” గోలెం దగ్గరికొస్తోంది. ఆపు అనాలి. నాకు తెలుసు. నా సీట్లో ఎవడో పెళ్లికొడుకు ముఖానికి పూల సెహరా కట్టుకుని ఇకిలిస్తూ కనిపించాడు. నా నోట్లోంచి ఇంకో “రానీ” వచ్చింది.

ధడేల్‌మంది. గోలెం రెండు చెక్కలైంది. బంపరు లోపలికి పోయి, వెనక తలుపు బిగుసుకుపోయింది. ముగ్గురు లాగినా రాలేదు. నన్ను కిటికీలోంచి బయటికి తీశారు. “పెండ్లికొడుకుని గూడ గిట్లనే కిటికీల నుంచి ఎక్కియ్యాల్నా?” అని కొనేవాడు దండం పెట్టి వెళ్లిపోయాడు.

అవ్వ పగిలిన గోలెం దగ్గర నిలబడి నన్ను తిట్టని తిట్టు లేదు. బాపు మాత్రం “పోనీ తీయ్, పిల్లకు అంచనా తప్పింది” అన్నాడు. అంతే. ఆ మాట తిట్లకంటే ఎక్కువ గుచ్చుకుంది. కారు మిగిలినందుకు ఆ రోజంతా సంతోషపడ్డాను కానీ, బాపు నమ్మిన ఒకే ఒక్క మాటతో బాపునే మోసం చేశానని తర్వాత చాలా ఏళ్లు కుమిలిపోయాను. చెబుదామనుకుంటే నోరు వచ్చేది కాదు.

రిపేరు సామాను దొరక్క పడవ చివరికి కొట్టంలో ఆగిపోయింది. దాని పొడుగు సీటు మీద కోళ్లు పొదిగాయి. తర్వాత అన్న కొన్న చిన్న కారులో బాపు మోకాళ్లు గడ్డానికి తగిలేవి. బర్రెలు మాత్రం రానేలేదు.

ఈమధ్య పోచంపాడ్ డ్యామ్ గేట్లు ఎత్తారంటే ఇద్దరినీ నా కారులో తీసుకెళ్లాను. బాపు ముందు, అవ్వ వెనక. తిరిగి బయల్దేరేసరికే అవ్వకు కునుకు పట్టింది. నేను కారు వెనక్కి తీస్తుంటే వెనక చేపలు వేయించే బండి ఉంది. తెర మీద ఎర్ర గీత, టింగు టింగుమని మోత. బాపు ఆ తెరనే చూస్తున్నాడు.

“మంచిగున్నది బిడ్డా ఇది. నీలెక్క అబద్ధమాడది.”

నా కాలు బ్రేకు మీద బిగుసుకుపోయింది. “నీకు ఎర్కేనా బాపూ?”

“నా దిక్కు అద్దంల గోలెం సక్కగ కనవడ్డది.”

“మరి ఎందుకు ఆపలే?”

బాపు నా వైపు తిరిగాడు. ఆ ముఖంలో సిగ్గన్నది లేదు. “నువ్వు రానీ అంటివి గదా.”

నాకు నవ్వొచ్చింది, వెంటనే కళ్లు నిండాయి. ఇన్నేళ్లు ఒక్కదాన్నే దొంగననుకున్నాను. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

వెనక సీట్లో కునుకు ఎప్పుడో ఎగిరిపోయిందని మేం గమనించలేదు.

“ఓహో! అంటే నా రెండు బర్రెలను మీరిద్దరు కలిసి మింగిండ్రన్నట్టు!”

“అవ్వా, ముందు బెల్టు పెట్టుకో” అన్నాను.

“పెట్టుకోను. ఏం జేస్తవ్?”

పెట్టుకోలేదు. బోధన్ దాకా కారు అరుస్తూనే ఉంది. అవ్వ దానికంటే గట్టిగా అరుస్తూనే ఉంది.