నాగమ్మ కింద పెట్టిన ఉప్పు పళ్ళెం

పక్కింట్లో ఎండుమిరపకాయలు మాడుతున్నాయి. ఆ ఘాటుకు దగ్గు ముంచుకొచ్చి, చేతిలో చీపురు వదిలేసి గుమ్మంలోనే కూర్చున్నాను. ఎవరికో దిష్టి తీస్తున్నారు. ఈ ఘాటు ముక్కుకు తగిలితే చాలు, నాగమ్మ గుర్తొస్తుంది. ఆమె పోయి రెండేళ్లయింది.

జహీరాబాద్‌లో మా ఇంటికి ఎదురుగా ఆమెకు పిండి గిర్ని ఉండేది. ఎప్పుడు చూసినా కనుబొమల మీద కూడా జొన్నపిండే. వాడకట్టులో ఎవరికి దిష్టి తగిలినా ఆమెనే పిలిచేవారు. ఉప్పు, మిరపకాయలు తలచుట్టూ తిప్పి నిప్పుల్లో వేసేది. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు. అందరూ దగ్గితే దిష్టి లేనట్టు. ఈ సంగతి పిల్లలకు కూడా తెలుసు. కానీ కావలసినవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఎవరూ నమ్మరు. దగ్గుతూనే ఇంకోసారి తీయమంటారు.

నా విషయంలోనూ అంతే. పాప పుట్టాక నాకు నిద్ర, ఆకలి రెండూ దూరమయ్యాయి. పాప ఏడుస్తుంటే ఎవరి బిడ్డో ఏడుస్తున్నట్టు వింటూ ఉండేదాన్ని. నేను లేకపోతేనే అందరూ బాగుంటారని రోజూ అనిపించేది. పైకి మాత్రం తలనొప్పి అనేదాన్ని. ముద్దులొలికే బిడ్డను కన్నందుకు తల్లికి దిష్టి తగిలిందని మా అత్తమ్మ నాగమ్మను పిలిపించింది. ఇల్లంతా దగ్గింది. అయినా మళ్ళీ మళ్ళీ పిలిపిస్తూనే ఉంది.

చివరిసారి వచ్చినప్పుడు నాగమ్మ ఉప్పు పళ్ళెం కింద పెట్టేసింది.

"నేనింక తియ్య. ఘాటొస్తనే ఉన్నది. ఇది దిష్టి గాదు."

"జర ఇంకొక్కపారి చూడు నాగమ్మా," అంది అత్తమ్మ.

నాగమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. "బిడ్డా, నిద్రవడుతుందా?" అని అడిగింది. లేదని తల ఊపాను. "సచ్చిపోవాలె అనిపిస్తుందా?"

నన్ను అంత సూటిగా ఎవరూ అడగలేదు. అత్తమ్మ "గిదేం మాట" అని మందలించేలోపే నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

మరునాడు గిర్ని మూసేసి తనే నన్ను బస్సులో సంగారెడ్డి దవాఖానకు తీసుకెళ్ళింది. దారిలో చెరుకు లారీలను చూస్తూ చెప్పింది.

"మా తమ్ముడు గిట్లనే ఉండె. ఘాటొచ్చేది. మా అమ్మ ఇంకోపారి అంటే ఇంకోపారి తీసిన. దవాఖానకు తోల్కపోదమని నాకు తోచనే లేదు. ఒకనాడు పొద్దుగాల చూస్తె ఆడు లేడు."

దిగేదాకా నా చెయ్యి వదల్లేదు. డాక్టరు మాత్రలు రాసి కౌన్సెలర్ దగ్గరికి పంపించారు. మొదటిరోజు నాగమ్మ బయట బెంచీ మీద ఓపిగ్గా కూర్చుంది. పాపను నా పాపగా ఎత్తుకోవడానికి చాలాకాలం పట్టింది. ఇప్పటికీ కొన్ని రోజులు బరువుగానే తెల్లవారతాయి. అలాంటివి వరసగా వస్తే ఇక ఆలోచించను, బస్సెక్కుతాను.

పక్కింట్లో దగ్గులు ఆగలేదు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేసే వాళ్ళబ్బాయి శేఖర్ కొన్నాళ్ళుగా డ్యూటీకి పోవడం లేదని విన్నాను. లేచి వెళ్ళాను. వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "ఘాటైతే వచ్చింది. ఇంకోపారి తీద్దమని చూస్తున్న," అంది.

శేఖర్ పక్కన కూర్చున్నాను. "నిద్రవడుతుందా తమ్మీ?"

"లేదక్కా."

నాగమ్మ తన తమ్ముణ్ణి అడగలేకపోయిన ఆ రెండో మాట, నేను అడిగాను.