అక్క మెచ్చిన ముసుగోడి సినిమా

డోన్‌లో మా పక్కింట్లో వీడియో ప్లేయర్ ఉండేది. ఆ ఇంగ్లీషు సినిమా అక్కా నేనూ మొదట అక్కడే చూసినాం. ముసుగేసుకున్నవాడొకడు కత్తి పట్టుకుని ఒక్కొక్కర్నే చంపుకుంటూ పోతాడు. చివరికి మిగిలిన పిల్ల అరుస్తుంది, ఉరుకుతుంది, పడిపోతుంది. ఎవరో మగాయన వచ్చి వాణ్ణి కాల్చేస్తాడు. మా ఇద్దరికీ ఆ సినిమా అంటే ప్రాణం.

పోయిన ఎండాకాలంలో అదే కథ మళ్లీ తీసినారని తెలిసి, కల్లూరులో ఉండే అక్కను కర్నూల్లో మ్యాట్నీకి తీసుకుపోయినా. వద్దంటుందేమో అనుకున్నా. ఎందుకంటే, కోయిలకుంట్లలో కాపురముండగా, ఒక మిట్టమధ్యాహ్నం బావ తాగొచ్చి గొడ్డలితో ఆమె మీద పడినాడు. తలుపు చీలింది, ఆమె భుజం తెగింది. రోకలితో అతని మోకాలు విరగ్గొట్టి బయటపడింది. మాకు చెప్పింది అంతవరకే.

పాత సినిమాలో కత్తి దిగితే చాలు, మనిషి పోయేవాడు. కొత్తదాంట్లో చావు అంత తొందరగా రాదు. మెడ తెగినవాడు వంటింటి బండల మీద పాకుతూ, కారే రక్తాన్ని అరచేత్తో అదుముకుంటూ, అమ్మను పిలుస్తాడు. చివర్లో పిల్లను కాపాడేదానికి ఎవరూ రారు. ఆమెకు సుత్తి దొరుకుతుంది. ముసుగోడు కూలినా కొడుతుంది. ముసుగు పగిలింది, దవడ పగిలింది, ఆమె ఆపలేదు. వెనక వరసలో ఎవరో "చాల్లే తల్లీ!" అని అరిస్తే హాలంతా నవ్వింది. అక్క నవ్వలేదు.

బయట చెరుకురసం బండి దగ్గర నిలబడి అన్నా: "పాతదే మేలక్కా. దాంట్లో భయముండేది. ఇది ఉత్త కసాయి అంగడి. పడిపోయినోణ్ణి అట్లా కొట్టడమేంది?"

"ఆపితే లేస్తాడ్రా," అంది అక్క.

గ్లాసు బండి మీద పెట్టేసింది.

"మీ బావ లేసినాడు. మోకాలు ఇరిగినంక గూడా పాక్కుంటా వచ్చి నా కాలు పట్టుకున్యాడు. చెయ్యి మీద కొట్టినా. ఏళ్లు నలిగిన సప్పుడు ఇనపడింది. ఇడిసిపెట్టలేదు. మళ్లా కొట్టినా. ఆ పిల్ల మొకం చూసినావా? కోపం యాడుండాది? అంతా భయమే. పాతోళ్లు అరిస్తేనే భయమనుకున్యారు. ఇది తీసినోనికి శానా తెలుసు."

నేను బండాయనకు డబ్బులిచ్చినా.

"ఒక్కటి మాత్రం తప్పు తీసినాడు," అంది మళ్లీ.

"ఏందక్కా?"

"కడాకు, అంతా అయినంక వచ్చిన పోలీసోణ్ణి పట్టుకోని ఏడుస్తాదే, అది. నాకు ఏడుపు రాలేదు. ఆకలైంది. భుజానికి కొంగు సుట్టుకోని, చేతులు కడుక్కోని, సంగటి తిన్యా. వాకిట్లో మీ బావ అరుస్తానే ఉన్యాడు."

బావ కోయిలకుంట్లలోనే కర్ర పట్టుకుని తిరుగుతున్నాడు. అక్క కల్లూరులో మిషన్ పెట్టుకుని ఆడపిల్లలకు కుట్టు నేర్పుతుంది. మరుసటి ఆదివారం వాళ్లలో పెద్దపిల్లలిద్దర్ని వెంటబెట్టుకుని మళ్లీ అదే సినిమాకు పోయింది. నన్ను పిలవలేదు.