లక్కముద్ర వేసిన సంచి

దయ్యాల మాటెత్తితే మా ఇంట్లో నవ్వేవాళ్లు. మా నాన్న ఇల్లందులో బొగ్గుబాయి కార్మికుడు. "ముప్పై ఏండ్లు బాయిల దిగిన. చీకట్ల నా ఎంబడి పడ్డ దయ్యం మాతోని పని జేయించే ఓవర్‌మాన్ ఒక్కడే" అనేవాడు. ఆయన కొడుకుని నేను. దయ్యాలను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. నేను రాసేది దయ్యం కథ కూడా కాదు. నా చేతుల మీదుగా జరిగిన ఒక సంగతి. నన్ను నేను వెనకేసుకు రాకుండా రాయాలని కూర్చున్నాను.

ఎనభైల మొదట్లో నాకు బంగారం వెతికే క్యాంపులో శాంపిల్ అసిస్టెంటుగా పని దొరికింది. టేకులపల్లి దాటి భద్రాచలం వైపు అడవిలో జీపు దిగి, వాగు వెంట గంటసేపు నడిస్తే ఒక గుట్ట. దాని కిందే మా డేరాలు.

ఆ గుట్ట మీద మాకంటే ముందే ఎవరో తవ్విన గుంతలున్నాయి. ఎప్పటివని అడిగితే, మా తాతలకే తెలియదని గూడెం పెద్దమనుషులు చెప్పారు. వాగు పక్క బండల మీద రాయి నూరిన గుంటలు కూడా ఉండేవి. అంటే ఆ కాలంలోనే ఎవరో వచ్చి, దొరికింది పట్టుకుని పోయారు. చాలా ఏళ్ల తర్వాత ఒక జియాలజిస్టు వాగు ఇసుక కడిగి, పళ్లెం అంచున నాలుగు పసుపు నలుసులు చూసి, మ్యాపు మీద ఒక చుక్క పెట్టాడు. ఆ చుక్కే మాకు జీతాలు తెచ్చింది.

గుట్టంతా అభ్రకం మెరిసే పలకరాయి. దాని మధ్యలో జానెడు మందాన ఒకచోట, మూరెడు మందాన ఇంకోచోట, తుప్పు రంగు మరకలతో పలుగురాయి చార. బంగారం ఉంటే ఆ పలుగురాయిలో ఉండాలి. చారకు అడ్డంగా నాలుగు కందకాలు తవ్వించాం. ఉలితో రాయి చెక్కి, రెండు సమభాగాలు చేసి, ఒక భాగం క్యాంపులో దంచి పరీక్షకు పంపేవాళ్లం. రెండో భాగం దంచకుండా అట్లాగే హైదరాబాదులో పెద్దాఫీసుకు పోయేది.

దంచే పనికి రాజవ్వను తీసుకొచ్చింది నేనే. మా గల్లీ మనిషి. ఆమె పెనిమిటి కొమురయ్యకు బాయిలో పని పర్మనెంటు కాలేదు. ఇద్దరినీ క్యాంపులో పెట్టించాను. ఆయన కందకంలో ఉలి పట్టేవాడు, ఆమె ఇనపరోట్లో రాయి దంచేది. ఒక శాంపిలు అయ్యాక బంగారం లేని ఉత్త పలుగురాయి వేసి దంచి పారబోయాలి, రోలు కడగాలి, ఆరిన తర్వాతే ఇంకోటి పోయాలి. లేకపోతే దాని బంగారం దీనికి అంటుతుంది. ఇది ఒక్కసారే చెప్పాను. ఆ తర్వాత పని ఎక్కువైనప్పుడు నేనే తొందరపెట్టేవాణ్ణి. ఆమె వినేది కాదు.

"తమ్మీ, నిన్నటి పులుసు గిన్నెల కడగకుంట ఇయ్యాల పాలు కాస్తమా?" అనేది.

బంగారం క్యాంపులో ఒంటి మీద బంగారం ఉండొద్దు. అది మొదటి రోజు నుంచీ ఉన్న రూలు. నా నిశ్చితార్థపు ఉంగరం నేను ట్రంకుపెట్టెలో వేశాను. వంటమనిషి చెవిపోగులు తీశాడు. ఆడవాళ్ల పుస్తెల దగ్గరికి వచ్చేసరికి అందరూ నీళ్లు నమిలారు. చివరికి పుస్తెలను గుడ్డలో చుట్టి, వీపు మీదికి వేసుకుని, రవికె లోపల దోపుకోవాలని రాజీ కుదిరింది. రాజవ్వ ఒక్కరోజూ అది తప్పలేదు. మా క్యాంపు సారు మాత్రం బంగారంలో పొదిగిన జాతిరాయి ఉంగరం తీయలేదు. శనిదోషానికి వేసుకున్నదట. ఆ చేత్తోనే దంచిన పొడి తీసి చూసేవాడు. ఎవరం ఏమీ అనలేదు.

మూడో కందకం శాంపిళ్లు దంచి పంపితే బంగారం బాగా చూపించింది. సారు జిలేబీలు తెప్పించాడు. నెల తిరక్కుండా పెద్దాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. అదే రాయి రెండో భాగంలో దాదాపు ఏమీ లేదు, తేడాకు కారణం రాసి పంపమని.

పెద్ద నలుసులుగా ముతక బంగారం ఉన్న రాయిలో అట్లా అవుతుందని నేను చాలా తర్వాత చదివాను. ఒక ముక్కలో నలుసు పడుతుంది, పక్క ముక్కలో పడదు. సారుకు ఆ సంగతి తెలియకపోలేదు. కానీ పైవాళ్లకు ఆ మాట చెప్పి ఒప్పించడం కంటే, దంచిన మనిషి మెడ చూపించడం తేలిక.

"పుస్తెలు అరిగి పొడిలో పడుతున్నయేమో" అన్నాడు. "తీయించి సీలు చెయ్యి. ల్యాబుకు పంపుదాం. నగల బంగారంలో రాగి ఉంటది, రాతి బంగారంలో వెండి ఉంటది. పది రోజుల్లో తేలిపోతది."

చెప్పే బాధ్యత నాకు అప్పజెప్పాడు. మీ ఊరామె కదా అన్నాడు.

నేను చెప్పగానే రాజవ్వ నా ముఖంలోకి చూసింది. మెడ ఉత్తగా ఉండొద్దని వంటడేరాలో పసుపుకొమ్ము అడిగి తెచ్చుకుంది. దారానికి పసుపు రాసి కొమురయ్య దాన్ని ఆమె మెడలో కట్టాడు. అది కట్టాకే పుస్తెలతాడు తీసింది. నా చేతికివ్వలేదు. బల్ల మీద పెట్టింది.

"పది దినాలే గద తమ్మీ?" అంది. అవునన్నాను.

శాంపిలు సంచిలో వేసి, మూతి కుట్టి, ముడి మీద లక్క కరగబోసి, సారు తన ఇత్తడి ముద్ర వేశాడు. నేను చీటీ రాసి కట్టి, ట్రంకులో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మొలతాడుకు ఉండేది. ముద్ర సారు బ్రీఫ్‌కేసులో ఉండేది.

ఆ సంచి ల్యాబుకు పోలేదు. కవరింగ్ లెటరు మీద ఒక సంతకం కావాలి. ఆ సంతకం పెట్టాల్సిన ఆఫీసరు బదిలీ అయ్యాడు. కొత్తాయన వచ్చాక చూద్దామన్నారు. పది రోజులు మూడు నెలలయ్యాయి. రాజవ్వను రోలు దగ్గర నుంచి తీసేసి నీళ్లు మోయడానికి పెట్టారు. క్యాంపులో ఆమెను పుస్తెలు అరగదీసినామె అనడం మొదలుపెట్టారు. మొదట్లో రోజూ అడిగేది. తర్వాత అడగడం మానేసింది. నన్ను తమ్మీ అనడం కూడా మానేసి సారూ అనడం మొదలుపెట్టింది. ఆ పిలుపు నాకు చెంపదెబ్బలా తగిలేది. అయినా నేను పైకి ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. కొత్త ఉద్యోగం, నోరు మూసుకున్నాను.

తొలకరి పడి క్యాంపు ఎత్తేసే రోజులొచ్చాయి. సారు జీపు తీసుకుని హైదరాబాదు మీటింగుకు పోయాడు. ఆ వారమే రాజవ్వకు జ్వరం పట్టుకుంది. ఆ అడవిలో జ్వరమంటే మలేరియానే. మూడో రోజుకు తలకెక్కింది. వాగు పొంగి ఉంది, జీపు లేదు. మంచం మీద మోసుకుపోదామంటే వాగు దాటనియ్యలేదు.

ఆ సాయంత్రం కొమురయ్య నా డేరా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సారూ, గవి ఒక్కపాలి ఇయ్యిండ్రి. మాటిమాటికి మెడ తడుముకుంటాంది. ఏసి, తెలివి రాంగనే మళ్ల తెచ్చిస్త."

తాళంచెవి నా నడుముకే ఉంది. లేచి తీసి ఇస్తే అయిపోయేది. కానీ సీలు పగలగొడితే సాక్ష్యం చెడిపోయిందంటారని భయపడ్డాను. రేపు సారు వస్తాడు, అడిగి ఇస్తానన్నాను. ఆయన ఇంకోసారి అడగలేదు. తలకు తువ్వాల చుట్టుకుని వానలో వెళ్లిపోయాడు.

తెల్లవారాక కబురొచ్చింది, రాజవ్వ పోయిందని.

కూలీల గుడిసెల దగ్గరికి నేను వెళ్లేసరికి వాన వెలిసి ఎండ వచ్చింది. ఆడవాళ్లు నీళ్లు పోసి, ముఖానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి పడుకోబెట్టారు. నేను మూడడుగుల దూరంలో నిలబడ్డాను. ఆమె మెడలో నల్లపూసల తాడు, దానికి రెండు పుస్తెలు ఉన్నాయి. ఒకదాని అంచు కొంచెం వంగి ఉంటుంది, సంచిలో వేసేటప్పుడు చూశాను. ఆ వంకర కూడా అట్లాగే ఉంది. పసుపుకొమ్ము లేదు.

ముందు నాకు ప్రాణం లేచొచ్చింది. సారు పొద్దున్నే వచ్చి ఇచ్చి ఉంటాడనుకున్నాను; తాళంచెవి నా దగ్గరే ఉందన్న సంగతి అప్పుడు తట్టలేదు. కొమురయ్య నన్ను చూసి రెండు చేతులూ జోడించాడు. "ఎట్లయితేంది, పంపిచ్చిండ్రు సారూ" అన్నాడు.

నేను పంపలేదని చెప్పకుండా ఆడవాళ్ల వైపు తిరిగాను.

ఎవరు తెచ్చిచ్చారని ఆడవాళ్లను మెల్లగా అడిగాను. ఎవరూ తేలేదన్నారు. స్నానం చేయిద్దామని చీర తొలగిస్తే మెడలో ఉన్నాయన్నారు.

మధ్యాహ్నం వాగు తగ్గాక సారు వచ్చాడు. పుస్తెలు ఇచ్చారా అని అడిగితే నాకు మతిపోయిందా అన్నట్టు చూశాడు. ఇద్దరం ట్రంకు దగ్గరికి పోయాం. తాళం వేసినట్టే ఉంది. సంచి ఉంది. లక్క పగలలేదు, ముద్ర చెదరలేదు, చీటీ మీద నా రాతే ఉంది. సారే చాకుతో కుట్టు కోశాడు. లోపల పుస్తెలు లేవు. ఒక పసుపుకొమ్ము ఉంది. దారం చెమటకు నల్లబడి, మెడ వెనక వేసిన ముడి ముడిలాగే ఉంది.

సారు నా వైపు తిరిగి, నువ్వే చేశావా అని అడిగాడు. నేను చేసి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

నాకు తోచిన దారులన్నీ వెతికాను. కొమురయ్య దొంగిలించాడా అంటే, తాళంచెవి నా ఒంటి మీదే ఉంది. పైగా దొంగిలించినవాడు వచ్చి నాకు దండం పెట్టడు. వంటమనిషా అంటే, ముద్ర హైదరాబాదులో ఉంది. లక్కను వేడి బ్లేడుతో లేపి మళ్లీ అతికించవచ్చంటారు. తర్వాతి ఏళ్లలో నేను పాత సంచుల మీద అది చేసి చూశాను, చాలాసార్లు. ప్రతిసారీ గుడ్డ కమిలింది, లేదా అక్షరాల అంచు కరిగింది. ఆ సంచి మీద అట్లాంటి మరక లేదు. నేనే నిద్రలో లేచి ఇచ్చి వచ్చానా అని కూడా ఆలోచించాను. సీలు ఎట్లా వేశానో మాత్రం నాకు నేను చెప్పుకోలేకపోయాను.

ఆమెను పుస్తెలతోనే పూడ్చారు. తియ్యనియ్యనని కొమురయ్య పట్టుబట్టాడు. ఇక ఆ బంగారంలో రాగి ఉందో వెండి ఉందో తేల్చేవాళ్లెవరు? సారు ఇంగ్లీషులో ఒక కాగితం రాశాడు, ఆభరణాలు సొంతదారుకు తిరిగి ఇచ్చామని. కొమురయ్యతో వేలిముద్ర వేయించి, నన్ను సంతకం పెట్టమన్నాడు. నేను ఆగితే, "ఆమెకే చేరినయి కదయ్యా, ఇందులో అబద్ధమేముంది?" అన్నాడు. పెట్టాను.

రిపోర్టులో మూడో కందకం బంగారం గురించి ఒక్క వాక్యం రాశారు. కూలీ ఆభరణాల వల్ల శాంపిళ్లు కలుషితమయ్యాయని. ఆ వాక్యంతో గుట్ట ఫైలు మూతపడింది.

తొంభైల్లో ఇంకో సర్వే పార్టీ పోయి అదే కందకం మళ్లీ తెరిచింది. ఈసారి మిషనుతో దంచారు, ఆ దరిదాపుల్లో నగ పెట్టుకున్న మనిషి లేదు. బంగారం ఉంది. ముతకగా, అక్కడొకటి ఇక్కడొకటి. తవ్వితే గిట్టుబాటు కాదు కాబట్టి వాళ్లూ వదిలేశారు. కానీ ఉంది. వాళ్ల రిపోర్టులో ఆ పేజీ చూసిన రోజు నేను ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆ పేజీ నకలు రాసుకుని ఇల్లందు బస్సెక్కాను.

కొమురయ్య ముసలివాడయ్యాడు. సైకిలు షాపు ముందు బల్ల మీద కూర్చున్నాడు. కాగితం చదివి అర్థం చెప్పాను. రాజవ్వ తప్పు లేదని తేలిందన్నాను. ఆయన నిదానంగా విన్నాడు.

"అది తప్పు జేయలేదని నాకెర్కలేదా సారూ? మీకే కాయిదం గావాల్నాయె" అన్నాడు. కాగితం వైపు చూసి అడిగాడు. "గీండ్ల దాని పేరున్నదా?"

లేదన్నాను. పాత రిపోర్టులో కూడా లేదు, ఒట్టి కూలీ అనే ఉంది.

ఆయన కాగితం మడిచి నాకే ఇచ్చేశాడు. చాయ్ తాగమన్నాడు. తాగి వచ్చాను.

ఇది ఎవరికి చెప్పినా ముందు తాళంచెవి గురించి అడుగుతారు, తర్వాత సీలు గురించి. నాకు తెలిసినంత చెబుతాను. అవి మళ్లీ ఆమె మెడలోకి ఎట్లా వచ్చాయో ఈ రోజుకూ నాకు తెలియదు. తీయించింది మాత్రం నేనే.