ఉప్పుమడిలో నేను పారబోయనివ్వని నీళ్ళు

మా ఇంటి ఆవకాయను ఒక ఏడాది పొడుగునా సర్వనాశనం చేసిన మహానుభావుడు ఎవరని అడిగితే, మల్కాపురంలో మా వీధి వీధంతా ఇప్పటికీ నా వైపే వేలు చూపిస్తుంది. ఆ ఘనకార్యం చెబుతాను, నవ్వుకోండి. నాకేం కొత్త కాదు.

తొంభైలనాటి మాట. మాది కిరాణా కొట్టు. కాటాలో మిగిలిన నాలుగు పప్పుగింజల్ని కూడా డబ్బాలోకి తోసే వంశం. ఆ వేసవిలో ఆవకాయకని కళ్ళుప్పు తెమ్మని నాన్న నన్ను ఉప్పుమడులకు పంపాడు. నేను బేరం కుదుర్చుకున్న మడిలో ఉప్పు అడుగున తెల్లగా పేరుకుంది, పైన కాస్త నీరు నిలిచింది. మడి చూసే సూరప్ప మావ గట్టు తెంపి ఆ నీటిని వదలబోయాడు. నేను పరిగెత్తి గట్టుకు అడ్డం నిలబడ్డాను.

“ఆగు మావా! ఆ నీళ్ళల్లో ఉప్పు నేదేటి?”

“అది సేదు నీరు అల్లుడూ. ఉప్పు దిగిపోనాక వగ్గేయాల.”

“వగ్గేత్తే నా సరుకు తగ్గిపోదా? ఎండనీ. ఎండేటి నువ్వు కొంతన్నావా?”

“మా తాతల కాడ్నించి ఇలాగే సేత్తన్నాం...”

“మా తాతల కాడ్నించి బేరాలే సేత్తన్నాం!”

మావ పార కింద పెట్టాడు. “సరే, నీ మడి, నీ కరమ.”

చివరి చుక్క దాకా ఎండబెట్టించి, గీకించి, బస్తాలు తెచ్చాను. అవి కొట్లో పెళ్ళిచూపులకొచ్చిన పెళ్ళికొడుకుల్లా చెమటలు కక్కుతూ కూర్చున్నాయి. కొత్త సరుకు ముందు ఇంట్లో వాడాకే అమ్మడం మా ఆచారం. అందువల్ల వీధి బతికింది, నేను దొరికిపోయాను. ఏడాదంతా ఇంటిల్లిపాదీ తినే జాడీని అమ్మ ఆ ఉప్పుతోనే కలిపింది.

మూడో రోజు మూత తీసి, వేడన్నంలో కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది.

“ఏట్రా ఇది? ఉప్పా, ఏపాకు పొడా?”

ఉప్పు దిగిపోయాక ఆ నీళ్ళలో మిగిలేది మెగ్నీషియం లాంటి చేదు లవణాలని, గాలిలో తడిని లాగేవి కూడా అవేనని నాకు తరవాత తెలిసింది. అప్పటికి తెలిసింది ఒక్కటే, నిజం చెప్పక తప్పదని.

“మావ ఆ నీళ్ళు పారబోత్తంటే నానే ఆపానమ్మా...”

“ఓహో, పారబొయ్యడం నీకు నచ్చదన్నమాట. అయితే ఈ జాడీ కూడా పారబొయ్యను. నువ్వే తిను.”

తిన్నాను. వానలొచ్చాయి, చలి వచ్చింది, జాడీకి మాత్రం అడుగు కనబడలేదు. రోజుకొక్క ముక్కయినా తగ్గించమని అమ్మతో బేరమాడాను. అణువంతైనా తగ్గలేదు.

అప్పుడే ఆ జాడీ మీద చెయ్యి వేసి శపథం చేశాను: ఇకమీదట సూరప్ప మావ సముద్రాన్నే పారబోస్తానన్నా సరే, పార నేనే అందిస్తాను.